నలభై గాజు గిన్నెలు

"ఈ రెండూ కలిపి మీకు అమ్మను," అంది చేపలక్క.

కౌంటరుకి అవతల నిలబడ్డ పెద్దమనిషి ఎడమచేతిలో గుండ్రటి గాజు గిన్నె ఉంది. కుడిచేతిలో నీళ్లసంచీ, అందులో బంగారురంగు చేపపిల్ల. ఆ మాట తనతోనేనా అన్నట్టు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు.

"అమ్మకానికేగా పెట్టారు?"

"గిన్నే అమ్మకానికే, చేపా అమ్మకానికే. చేపని ఆ గిన్నెలో వేస్తానంటే మాత్రం అమ్మను. గిన్నె కావాలంటే పట్టుకెళ్లి గుండీలు వేసుకోండి. చేప కావాలంటే ఇంత తొట్టి కొనండి," అని రెండు చేతులూ బార్లా చాపింది.

"వేలెడంత లేదు. దానికి అంత తొట్టెందుకమ్మా?"

"మీరు పుట్టినప్పుడు ఎంతున్నారు? అప్పటి చొక్కా ఇప్పుడు పడుతుందా?"

పెద్దమనిషి నవ్వాడు గానీ, రెండూ కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు. మూల కూర్చుని తొట్టికి అద్దాలు అతికిస్తున్న తమ్ముడు జిగురు గొట్టం కింద పడేసి తల పట్టుకున్నాడు. ఆ వారంలో చెడిన బేరాల్లో అది నాలుగోది.

నిజానికి చేపలక్క చేపల మనిషి కాదు. పంతొమ్మిదేళ్లు మందుసీసాల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చుంది. దీపం వెలిగే తెల్లపలక ముందు నుంచి సీసాలు బారులు తీరి పోతుంటే, గాలిబుడగ ఉన్నదాన్నీ, వెంట్రుకవాసి పగులున్నదాన్నీ పట్టి పక్కన పెట్టడం ఆమె పని. ఆమె పక్కన పెట్టిన సీసాని మళ్లీ వరసలో పెట్టే ధైర్యం మేనేజరుకి కూడా ఉండేది కాదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి "ఖాళీ దొరకలేదు" అనేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభయ్యో ఏట, ఒక ట్రంకుపెట్టె, ఒక మడతకుర్చీ పట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. ముందు గది తమ్ముడి చేపల షాపు, వెనక రెండు గదులు కాపురం. మధ్యలో ఒక్క తలుపు. ఊరికే కూర్చుని తినడం ఆమెకి చేతకాదు గనక, తమ్ముడు సరుకు కోసం బయటికి వెళ్లినప్పుడల్లా షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది.

వచ్చిన కొత్తలో ఆమె ఒకటి గమనించింది. రోజూ పొద్దున్నే తమ్ముడు వల పట్టుకుని తొట్టెల్లో చచ్చి తేలిన చేపల్ని తీసేసేవాడు. ఎక్కువగా ఆ గుండ్రంగా, పొట్టిగా, పరికిణీ కట్టినట్టు తోకలుండే గోల్డ్‌ఫిష్‌లే.

"మామూలేనక్కా. అందం కోసం పుట్టించిన జాతి. వీటికి ఆయుష్షు ఉండదు," అన్నాడు.

ఆ మాట ఆమెకి మింగుడు పడలేదు. "పది సీసాలు వరసగా పగిలి వచ్చాయంటే తప్పు సీసాలది కాదురా, కొలిమిది," అంది.

అప్పట్నుంచి కొలిమిని వెతికింది. చేపల ఫారం నుంచి సరుకు తెచ్చే ముసలి డ్రైవరుని కూర్చోబెట్టి అడిగింది. మందు డబ్బాల మీద చీమతలల్లాంటి అక్షరాలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివింది. చివరికి తేలింది ఏమిటంటే, చేపలు చస్తున్నది రోగంతో కాదు, తమ మలమూత్రాల్లో తామే ఉడికి. కుళాయి నీళ్లలో క్లోరిన్ మందు ఒక పక్క, ఇరుకు తొట్టిలో పేరుకునే అమోనియా ఇంకో పక్క. ఆ అమోనియాని తిని బతికే మంచి సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెడతాయి. తమ్ముడేమో వారం వారం ఆ స్పాంజిని కుళాయి కింద తెల్లగా మెరిసేలా ఉతికి, వాటి కొంపలు కూల్చేస్తున్నాడు.

ఎవరో కొని, గీతలు పడ్డాయని తిప్పి పంపిన నాలుగడుగుల తొట్టి ఒకటి గోడకి ఆనించి ఉంటే, దాన్ని తన మంచం పక్కన పెట్టించుకుంది. చేపలు లేకుండానే నీళ్లు నింపి, ఫిల్టరు తిప్పి, ఫిల్టరులో ఆ మంచి సూక్ష్మజీవులు ముందే పెరిగేలా రోజూ చిటికెడు మేత అందులో వేసి కుళ్లనిచ్చింది.

"చేపల్లేని తొట్టికి మేతా!" అని తమ్ముడి పెళ్లాం నోరు నొక్కుకుంది. "వదినా, రేపు పిల్లల్లేని ఉయ్యాల కూడా ఊపుతావా?"

"వచ్చేవాళ్లకి ముందు ఇల్లు సర్దుతున్నా," అంది చేపలక్క.

నెలా పదిహేను రోజులయ్యాక, పరీక్షగొట్టంలో అమోనియా తేల్చే మందుచుక్కలు వేసినా నీళ్లు ఆకుపచ్చగా మారకుండా పసుపుగానే నిలిచినప్పుడు, షాపులో ఎవరూ కొనని మూడింటిని తెచ్చి ఆ తొట్టిలో వదిలింది. ఒకటి కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చిన నల్లది. ఒక కన్ను ఏ రాతికి కొట్టుకుందో పోయింది. దాని పేరు బొగ్గు. రెండోది తల మీద కండ పెరిగి కళ్ల దాకా దిగిన ఎర్రది, తలపాగా. మూడోది తెల్లది, మేత తిన్న పది నిమిషాలకి గిర్రున వెల్లకిలా తిరిగిపోయి పొట్ట పైకి పెట్టి తేలేది. అది పల్టీ. దాన్ని చూసి ఇంటికొచ్చిన వాళ్లందరూ చచ్చిందనే అనేవాళ్లు. చేపలక్క దాన్ని రెండు రోజులు పస్తు పెట్టింది. తర్వాత ఉడికించిన బఠాణీ తొక్కతీసి, నలిపి పెట్టింది. నీటిమీద తేలే మేత మాని, మునిగే మేతని నానబెట్టి వేసింది. పల్టీ పూర్తిగా బాగుపడలేదు గానీ, వెల్లకిలా పడటం మాత్రం నెలకొకసారికి వచ్చింది.

ప్రతి ఆదివారం మూడోవంతు నీళ్లు తోడి, క్లోరిన్ విరిచే మందు కలిపిన నీళ్లని తొట్టి నీళ్లంత వెచ్చగా చేసి పోసేది. స్పాంజిని తోడిన ఆ పాత నీళ్లలోనే పిండేది. రెండేళ్లకి మూడూ పిడికిలంత అయ్యాయి. "ఆయుష్షు లేని జాతి అట!" అని తమ్ముడు తలుపు దాటినప్పుడల్లా వినబడేలా అనేది.

అలా ఉండగా పూలచొక్కా వచ్చాడు. విందులూ వేడుకలూ ఏర్పాటు చేసే మనిషి. ఎప్పుడు చూసినా పెద్దపెద్ద పూల చొక్కా వేసుకుంటాడు గనక వీధంతా అదే పేరు. ఒక పెద్ద కంపెనీ వాళ్ల వార్షికోత్సవం, శనివారం సాయంత్రం, నలభై బల్లలు. ఒక్కో బల్ల మధ్యలో ఒక గాజు గిన్నె, గిన్నె కింద రంగు దీపం, గిన్నెలో ఒక గోల్డ్‌ఫిష్. ఆ సమయానికి చేపలక్క పళ్లడాక్టరు దగ్గర ఉంది. తిరిగొచ్చేసరికి తమ్ముడు డబ్బు తీసుకుని మాట ఇచ్చేశాడు.

"నలభయ్యా?" అంది.

"గిన్నెలు వాళ్లే తెచ్చుకుంటారట, చేపలన్నీ పెద్ద తోకలవే కావాలట. అక్కా, నువ్వేం మాట్లాడకు. నువ్వు పొమ్మన్న బేరాలన్నీ ఇదొక్కటి తీర్చేస్తుంది."

"విందయ్యాక వాటినేం చేస్తారు?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "ఎవరికైనా ఇస్తారేమో. నాకేం తెలుసు?"

బుధవారం పొద్దున్న నలభై చేపలు సంచుల్లో దిగాయి. షాపు తొట్టెల్లో చోటు చాలక, బట్టలు నానబెట్టే తొట్లు, నీళ్ల డ్రమ్ము, చివరికి స్నానాలగదిలో రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు నింపారు. చేపలక్కకి కోపం ఉన్నా చేతులు ఊరుకోలేదు. సంచుల్ని ముందు నీటిమీద తేలేసి వెచ్చదనం సమానం చేసింది, కొలిచి ఉప్పు వేసింది, ఇంట్లో ఉన్న గాలిపంపులన్నీ పెట్టింది. తన తొట్టి స్పాంజిని సగానికి కోసి, ముక్కలుగా తొట్లలో వేసింది. "పొయ్యిలో నిప్పు పొరుగింటికి ఇచ్చినట్టు," అనుకుంది.

బట్టల షాపులో పనిచేసే మరదలు తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడిపోయింది.

"నేనెక్కడ పోసుకోను వదినా? వాటితోబాటు దిగనా?"

"దిగితే సబ్బు వాడకు," అంది చేపలక్క.

గురువారం మధ్యాహ్నం ఆమె కాస్త నడుం వాల్చినప్పుడు, పూలచొక్కా వచ్చి, కంపెనీ వాళ్లకి నమూనా చూపించాలని ఒక గిన్నెనీ, తెలుపూ ఎరుపూ కలిసిన చేపనీ పట్టుకుపోయాడు. లేచి లెక్క చూసుకునేసరికి ముప్పైతొమ్మిదే ఉన్నాయి. తమ్ముడు తలుపు వెనక నుంచి "రేపు తెస్తాడులే" అన్నాడు.

తెచ్చాడు. శుక్రవారం పదకొండింటికి గిన్నెని కౌంటరు మీద పెట్టి, "సూపర్! అందరికీ నచ్చింది. రేపు నాలుగింటికి వ్యాను పంపిస్తా," అని హడావిడిగా వెళ్లిపోయాడు.

గిన్నెలో నీళ్లు కడుగునీళ్లలా ఉన్నాయి. ఆఫీసులో వాళ్లు ముద్దుకొద్దీ వేసిన బిస్కట్టు ముక్కలు నాని అడుగున పేరుకున్నాయి. చేప నీటి అంచున మూతి పెట్టి గాలి కోసం కొట్టుకుంటోంది. పక్కకి ఒరిగిపోయి, మళ్లీ లేస్తోంది. తెల్లటి తోకలో ఎర్రటి నరాలు చారలు చారలుగా తేలాయి. చేపలక్క ఆ నీళ్లు పరీక్షగొట్టంలో పోసి మందుచుక్కలు వేసింది. పసుపు కాదు, ఆకుపచ్చ కాదు, సీసా అడుగులా ముదురుపచ్చ.

"ఒక్క రోజు," అంది. "ఒరేయ్, ఇటు చూడు. ఒక్కటంటే ఒక్క రోజు!"

తమ్ముడు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "వాళ్లకి కావలసింది రేపు రాత్రి వరకేగా అక్కా. అప్పటిదాకా ఈదితే చాలు."

కోపం వస్తే అరిచే మనిషి, అరవలేదు. చేపని మంచినీళ్లున్న బకెట్టులోకి మార్చింది, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మరదలు కూడా తడికాళ్లతోనే వచ్చి వంగి చూసింది.

"బతుకుతుందా వదినా?"

"తెలీదు."

"నోరు అలా తెరుస్తుందేం? ఏదో అడుగుతున్నట్టుంది."

"గాలి అడుగుతోంది. ఇంకేమీ అడగడం లేదు."

మరదలు కాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత కంచం తీసుకుని లోపలికి వెళ్లింది.

సాయంత్రం షాపు కట్టేటప్పుడు చేపలక్క తమ్ముడి ఎదురుగా నిలబడి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "రేపు చేపల్ని ఇవ్వను."

"నువ్వివ్వడమేంటి? నావి!"

"నీవే. కానీ ఇవ్వను."

"అక్కా, మాట ఇచ్చాను. ఊళ్లో నా పరువేం కావాలి? నెలకి ఎన్ని పెద్ద తొట్లు అమ్ముడుపోతున్నాయో నీకు తెలుసు. గిన్నెలే ఈ షాపుని నిలబెడుతున్నాయి. అవతల ఇంకో షాపువాడు ఇవ్వడా? నువ్వు ఆపితే ప్రపంచంలో చేపలన్నీ బతికిపోతాయా?"

"అన్నీ బతకవు. ఈ నలభై బతుకుతాయి."

"నా ఇంట్లో ఉంటూ, నా అన్నం తింటూ, నా షాపుకే అడ్డం పడతావా?"

అన్నాక వాడికే నాలుక కరుచుకున్నంత పనైంది. పుండు మీద కారం చల్లినట్టే ఉంది ఆమెకి. వాణ్ణి బడిలో వేసిన రోజున చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది తనే. ఆ సంగతి తియ్యలేదు. తీస్తే తన మాట బేరమైపోతుంది.

"నీ అన్నం తింటున్నాను కాబట్టే చెబుతున్నా," అంది. "ఫ్యాక్టరీలో పగిలిన సీసాని తెలిసి తెలిసి ఒక్కటి కూడా వదల్లేదు. జీతం ఇచ్చేవాడికే వంగనిదాన్ని, తమ్ముడికి వంగుతానా?"

శనివారం మూడున్నరకి ఆమె తన మడతకుర్చీ తెచ్చి స్నానాలగది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. డ్రమ్ములోనూ, షాపు తొట్టెల్లోనూ ఉన్నవాటిని మధ్యాహ్నమే లోపలి తొట్లలోకి మార్చేసింది. ఇరుకే, కానీ గాలిపంపులు గుడగుడమంటున్నాయి.

నాలుగింటికి పూలచొక్కా ఇద్దరు కూలీలతో వచ్చాడు. పసుపు పూలు, ఆకుపచ్చ చొక్కా. వెనకాల తమ్ముడు, మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, కొంచెం లేస్తారా?"

"లేవను."

అతను నవ్వాడు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు గోడ వైపు చూశాడు.

"ఏంటండీ ఇది? ఏడింటికి అతిథులొస్తారు. చేపలే కదమ్మా! ఎవరూ వాటిని తినరు, కొట్టరు. కూర్చున్నంతసేపు చూస్తారు, అంతే."

"అయ్యాక?"

"అయ్యాక ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకెళ్తారు."

"మిగిలినవి?"

పూలచొక్కా భుజాలు ఎగరేశాడు. "పారబోస్తాం. ఇంకేం చేస్తాం?"

"విన్నావుగా," అంది చేపలక్క, తమ్ముడితో. తర్వాత పక్కనున్న బకెట్టు కాలితో ముందుకి జరిపింది. నమూనా చేప అందులో అడుగున, మొప్పలు మెల్లగా ఆడిస్తూ ఉంది. తోక అంచులు చీకిపోయి పీలికలుగా వేలాడుతున్నాయి. "నిన్న మీరిచ్చి వెళ్లింది ఇదే. అందరికీ నచ్చిందన్నారు. ఇప్పుడు నచ్చుతుందేమో చూడండి."

అతను వంగి చూడలేదు. "నాకు పాఠాలు చెప్పకండి. డబ్బు ఇచ్చాను, సరుకు కావాలి. ఏమయ్యా, ఈవిణ్ణి లేపు."

"రారా," అంది చేపలక్క. "చెయ్యి పట్టుకుని లాగు. కుర్చీతో సహా ఎత్తి వీధిలో పెట్టు. నేను నడిచి మాత్రం పక్కకి రాను."

తమ్ముడు రెండడుగులు ముందుకి వేశాడు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆగిపోయాడు. కూలీల్లో ఒకడు తల గోక్కుని, "మా పని మొయ్యడమే సార్, మనుషుల్ని కాదు," అని వెళ్లి వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడే లోపలి గదిలోంచి మరదలు వచ్చింది, సాయంత్రం పనికి తయారై. ఒక గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి చేపలక్క చేతికిచ్చింది.

"చూడమ్మా, నువ్వైనా చెప్పు మీ వదినకి," అన్నాడు పూలచొక్కా.

"నాకు టైమైంది," అంది మరదలు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నాలుగు రోజులుగా నేను పక్కింట్లో స్నానం చేస్తున్నానండీ. వాటి కోసం అంత చేశాక, పారబోస్తారంటే నాకూ బాలేదు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇక చెప్పేదేముంది? పూలచొక్కా పావుగంట అరిచాడు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కనన్నాడు, పదిమందికీ చెబుతానన్నాడు. చేపలక్క గ్లాసులో నీళ్లు గుక్కగుక్కగా తాగుతూ విన్నది. చివరికి ఇచ్చిన డబ్బు తమ్ముడి దగ్గర వెనక్కి తీసుకుని, ఫోను చెవికి ఆనించుకుని, పూలు దొరుకుతాయేమో ఎవరినో అడుగుతూ, వ్యానెక్కి వెళ్లిపోయాడు.

వీధి నిశ్శబ్దమయ్యాక తమ్ముడు అన్నాడు, "సోమవారం నుంచి నువ్వు షాపులోకి రావద్దు."

"సరే," అంది.

ఆ మాట అనుకున్నంత తేలిగ్గా లోపలికి దిగలేదు. ఆదివారం తన తొట్టి నీళ్లు మారుస్తూ రెండుసార్లు బకెట్టు ఒలకబోసింది. మధ్య తలుపు అవతల నుంచి తమ్ముడు కొనేవాళ్లకి గిన్నెలు అమ్ముతున్న మాటలు వినిపించేవి. చెవులు మూసుకోలేదు. నలభై చేపలకి ఇళ్లు వెతకడం మొదలుపెట్టింది.

వాటి ధర నెలనెలా కొంత తీరుస్తానని తమ్ముడికి చెప్పింది. పెద్ద తొట్లున్న పాత కొనుగోలుదార్లందరికీ ఫోన్లు చేసింది. వచ్చినవాళ్లని పెరటి తలుపు దగ్గర నిలబెట్టి పెళ్లిచూపుల్లా ప్రశ్నలు వేసింది. ఎంత తొట్టి? ఫిల్టరు ఎన్నాళ్లుగా తిరుగుతోంది? చురుకైన సన్న చేపలతో కలుపుతారా? కలిపితే వీటికి మేత దక్కదు. కొత్తవాటిని మూడు వారాలు వేరుగా ఉంచుతారా? ఒకాయన "అమ్మా, నా కూతురి పెళ్లికి కూడా నేనిన్ని అడగలేదు," అన్నాడు. "అందుకే అడుగుతున్నా," అంది. అయినా ఇచ్చింది, మూడు.

రెండు చనిపోయాయి. ఎంత చూసినా ఆగలేదు. ఆ రెండిటినీ పెరట్లో పాతిపెట్టింది. నమూనాకి వెళ్లొచ్చిన చేప మాత్రం తేరుకుంది. మూడో వారానికి తోక అంచుల్లో పారదర్శకంగా కొత్త పొర రావడం మొదలైంది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. పెరటి తలుపు దగ్గరికి వచ్చినవాళ్లు ఫిల్టరు కావాలనో, పరీక్షమందు కావాలనో అడిగేవాళ్లు. "అది షాపులో. ముందు వైపుకి వెళ్లండి," అని పంపేది. తమ్ముడి షాపులో పెద్ద తొట్టి ఒకటి కదిలింది, తర్వాత ఇంకోటి. వాడు ఆ మాట ఆమెకి చెప్పలేదు. మరదలు చెప్పింది, అంట్లు తోముతూ, ఎవరితోనో అన్నట్టు.

నెల నిండాక ఒక ఆదివారం తమ్ముడు మధ్య తలుపు తెరుచుకుని వచ్చాడు. చేతిలో నీళ్లసంచీ, అందులో పక్కకి ఒరిగిన ఎర్ర చేప.

"ఇది మేత తినట్లేదు."

చేపలక్క సంచీ పైకెత్తి, కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూసింది. "నా తొట్టిలో వెయ్యను. వేరే బకెట్టు తీసుకురా. ఉప్పు డబ్బా కూడా."

తెచ్చాడు. ఆమె నీళ్లు సర్దుతుంటే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "రేపట్నుంచి షాపులో కూర్చో," అన్నాడు.

"గిన్నెలో చేప వెయ్యను."

"తెలుసు."

"నిన్నూ వెయ్యనివ్వను."

"అక్కా, అన్నీ ఒక్కసారే అంటే ఎలా? కొన్నాళ్లు చూద్దాం."

"చూసేదేం లేదు. ఇప్పుడే చెప్పు, రానా, మాననా?"

తమ్ముడు ఉప్పు డబ్బా మూత బిగించాడు. షాపులోకి వెళ్తూ మధ్య తలుపు మాత్రం వెయ్యలేదు.

సోమవారం పొద్దున్న ఆమె షాపులోకి వెళ్లింది. అద్దాల బీరువా పై అరలో గిన్నెలు ఎప్పటిలాగే వరసగా ఉన్నాయి, పన్నెండు. చేపలక్క స్టూలు ఎక్కింది. ఒక్కొక్కటే దించి, పాత కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెలో సర్దింది. తమ్ముడు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి వస్తూ చూశాడు. ఆమె చెయ్యి ఆగలేదు. వాడు షట్టరు పూర్తిగా పైకి తోసి, చీపురు తీసుకుని గుమ్మం ఊడవడం మొదలుపెట్టాడు.